జీలకర్ర బెల్లానికి, పుస్తెకు నడుమ అరగంట: పెండ్లి ఎప్పుడు అయినట్లు?

కాజీపేట మేనమామ (ప్రశ్న)

పెద్దలందరికీ నమస్కారం. మొన్న మాఘమాసంలో మా అక్క కూతురి లగ్గం హన్మకొండలోని ఒక ఫంక్షన్ హాలులో జరిగింది. సుముహూర్తం 21వ తేదీ రాత్రి 11 గంటల 48 నిమిషాలకు. మగపెండ్లివారు తెచ్చిన పుస్తె, మా అక్క చేయించిన పుస్తె రెండింటినీ ఒకే దారానికి గుచ్చి, మట్టెలతో సహా ఒక చిన్న సంచిలో పెట్టి, మేనమామను కాబట్టి నా చేతికి ఇచ్చారు. నేను ఆ సంచిని విడిది ఇంటి బీరువాలో దాచి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకొని, సంచిని మాత్రం మరిచిపోయి హాలుకు వచ్చాను. అంతర్పట్టు అడ్డం పట్టిన తరువాత అయ్యగారు పుస్తెలు ఉన్న పళ్ళెం అడిగేదాకా నాకు గుర్తుకే రాలేదు.

ముహూర్తం ఆగదు కనుక జీలకర్ర బెల్లం 11:48కే నెత్తిన పెట్టించారు. నేను బండి మీద కాజీపేటకు పోయి తిరిగి వచ్చేసరికి 12:20 దాటింది. పుస్తె కట్టింది 12:27కు. ఆ లోపల హాలులో జరిగిన వాదం తరువాత మా తమ్ముడు చెప్పగా విన్నాను. పసుపుకొమ్ము దారానికి కట్టి మెడలో వేయించండి, పుస్తె వచ్చాక మార్చుకోవచ్చు అని మా అమ్మ అన్నదట. పెండ్లికొడుకు చిన్నాయన ఒప్పుకోలేదట. "నెత్తిన జీలకర్ర బెల్లం పడ్డదంటే లగ్గం అయినట్టే" అని మావాళ్లు, "మెడల పుస్తె పడందే లగ్గం ఎట్లయితది" అని ఆయన. పిల్లా పిలగాడూ మాత్రం నెత్తి మీద బెల్లం ఎండిపోతుండగా పీటల మీద కదలకుండా కూర్చున్నారు.

ఇప్పుడు పెండ్లి నమోదు దరఖాస్తులో తేదీ రాయవలసి వచ్చింది. జీలకర్ర బెల్లం లెక్కన 21, పుస్తె లెక్కన 22. తేదీ సంగతి చిన్నదే కావచ్చు, కానీ అప్పటి నుంచి నన్ను వేరే ప్రశ్న పట్టుకున్నది. ఆ ముప్పైతొమ్మిది నిమిషాలూ వాళ్లిద్దరూ ఒకరికొకరు ఏమవుతారు? అసలు ఒక పెండ్లిని పెండ్లిగా చేసేది ఏది? తంతా, సంతకమా, ఇద్దరి ఒప్పుకోలా, నలుగురు చూడడమా? తెలిసినవారు వివరంగా రాయగలరు.


హన్మకొండ వకీలు

మేనమామగారూ, న్యాయస్థానం ఈ ప్రశ్నను ఎట్లా చూస్తుందో మాత్రం నేను చెప్పగలను. 1955 హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్‌లో జీలకర్ర బెల్లం అన్న మాట లేదు, పుస్తె అన్న మాటా లేదు. వధూవరులలో ఏ ఒక్కరి ఆచారం ప్రకారమైనా తంతు జరిగితే చాలునని, ఆ ఆచారంలో సప్తపది ఉన్నట్లయితే ఏడో అడుగు పడినప్పుడు వివాహం పూర్తయి ఇద్దరినీ కట్టిపడేస్తుందని అందులో ఉంటుంది. అంటే మీ హాలులో వాదించుకున్న రెండు పక్షాలూ చట్టం దృష్టిలో అసలు విషయం వదిలి కొట్లాడినట్లే. సప్తపది ఎప్పుడు జరిగిందో మీరు రాయలేదు.

నమోదు పత్రం పెండ్లికి సాక్ష్యమే గానీ పెండ్లి కాదు. తంతు ఏదీ జరుపుకోకుండా ముందే పత్రం తీసుకున్న ఒక జంట విషయంలో సుప్రీంకోర్టు 2024లో ఈ మాటే ఖరాఖండిగా చెప్పింది. పెండ్లి అంటే ఆటపాటలకూ విందులకూ సందర్భం కాదని కూడా ఆ తీర్పులో ఉన్నది. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకుంటే దారి వేరు. ముప్పై రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు, అధికారి ఎదుట ఇద్దరూ నోటితో చెప్పే ఒప్పుకోలు, ఇవే తంతు.

ఈ పట్టింపు వట్టి చాదస్తం అనుకునేవారికి 1965 నాటి భావురావు లోఖండే కేసు చెబుతుంటాను. మొదటి భార్య ఉండగా రెండో పెండ్లి చేసుకున్నాడని అతనికి శిక్ష పడింది. రెండో పెండ్లిలో హోమం, సప్తపది జరిగినట్లు రుజువు లేదు, అవి అక్కరలేదన్న ఆచారమూ రుజువు కాలేదు, కాబట్టి చట్టం ప్రకారం అది పెండ్లే కాదు, పెండ్లి కానప్పుడు రెండో పెండ్లి నేరమూ లేదు అని సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసింది. తంతులో ఒక మెట్టు తగ్గించుకున్న మగవాడు నేరం నుంచి బయటపడ్డాడు, అతని ఇంట్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్లకూ దక్కింది ఏమీ లేదు. పెండ్లి ఎప్పుడు అయినట్లు అన్న ప్రశ్న అందరికంటే ఎక్కువగా ఎవరికి అక్కరకు వస్తుందో దీన్ని బట్టి ఆలోచించండి.


మండీబజార్ నివాసి

మా దగ్గర ఈ చిక్కు తక్కువ. నిఖా అంటే ఒప్పందమే. ఒక పక్షం ప్రతిపాదన, రెండో పక్షం అంగీకారం ఒకే కూర్చుండుటలో, సాక్షుల ముందర జరగాలి. పిల్ల తరఫున వకీలుగా ఉన్న పెద్దమనిషి సాక్షులతో కలిసి ఆమె దగ్గరికి పోయి అడిగి వచ్చిన తరువాతే ఖాజీగారు పిలగాణ్ణి అడుగుతారు. మెహర్, అంటే పిలగాడు పిల్లకు ఇవ్వవలసిన సొమ్ము, ఎంతో అక్కడే చెబుతారు, అది పిల్లకే చెందుతుంది, ఆమె తండ్రికి కాదు. పుస్తె మరిచిపోయినట్లుగా ఖుబూల్ అన్న మాటను ఎవరూ బీరువాలో మరిచిపోలేరు. సరదాకు అన్నాను, మేనమామగారు మన్నించాలి.


సంస్కృతం సారు, పరకాల

వకీలుగారు చెప్పిన ఏడో అడుగు 1955లో పుట్టినది కాదు. పాణిగ్రహణ మంత్రాలు భార్యాత్వానికి గుర్తు అని, ఆ మంత్రాల ముగింపు ఏడో అడుగులో ఉన్నదని తెలిసినవారు గ్రహించాలని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. చట్టం రాసినవారు దాన్నే తీసుకున్నారు. ఇంటి తంతులను చెప్పే పాత గ్రంథాలైన గృహ్యసూత్రాలలో చేయి పట్టుకోవడం, హోమం, సన్నికల్లు తొక్కించడం, ఏడు అడుగులు ఉన్నాయి గానీ మంగళసూత్రం ముచ్చట కనబడదు. మనకు ప్రాణమైన పుస్తె, మన తెలుగువారు ముహూర్తమంతా దాని మీదే నిలిపిన జీలకర్ర బెల్లం, ఈ రెండూ దేశాచారాలు. దేశాచారం తక్కువదని నేను అనడం లేదు. పెండ్లిలో దేశాచారాన్నీ ఊరి ఆచారాన్నీ పాటించమని గృహ్యసూత్రం రాసిన ఆశ్వలాయనుడే చెప్పాడు. కాబట్టి మీ రెండు పక్షాలవారూ వేదం పేరు చెప్పి వాదించుకొని ఉంటే తప్పు, మా ఊరి ఆచారం అని వాదించుకొని ఉంటే ఒప్పు.

మాటలను కూడా కొంచెం చూడండి. వివాహం, ఉద్వాహం అంటే తీసుకొనిపోవడం. పరిణయం అంటే చుట్టూ తిప్పడం. పాణిగ్రహణం అంటే చేయి పట్టడం. ఈ సంస్కృతం మాటలన్నీ మగవాడు చేసే ఒక్కొక్క పనికి పేర్లు. మన పల్లెల్లో పెద్దవాళ్లు వాడే మనువు అన్న మాటకు మూలం మనుట, అంటే బతుకుట. అది ఒక క్షణానికి పేరు కాదు.

మీరు అడగకపోయినా ఒక పాత వాదాన్ని ఇక్కడ పెట్టకుండా ఉండలేను, ఎందుకంటే పెండ్లి గురించి మన దేశంలో జరిగిన తర్కాలలో ఇంత సూటిదాన్ని నేను చూడలేదు. జైమిని మీమాంసా సూత్రాలు ఆరో అధ్యాయంలో స్త్రీకి యాగం చేసే అధికారం ఉందా అన్న చర్చ వస్తుంది. పూర్వపక్షి, అంటే లేదని వాదించేవాడు, అంటాడు: ఆడదాన్ని తండ్రి అమ్ముతున్నాడు, మగడు కొంటున్నాడు, వరుడు వంద ఆవులను రథంతో సహా ఇవ్వాలని వేదమే చెబుతున్నది, కనుక ఆమే ఒక సొత్తు, సొత్తుకు మళ్లీ సొత్తు ఉండదు, ధనం లేనివారికి యాగం లేదు. దీనికి సిద్ధాంతి, అంటే తేల్చి చెప్పేవాడు, అది క్రయం కాదు, ధర్మం కోసం ఇచ్చేది మాత్రమే అని బదులిస్తాడు. ఎట్లా తెలుస్తుంది? శబరస్వామి భాష్యంలో చెప్పిన కారణం చూడండి. కొనుగోలులో ధర సరుకును బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. ఇక్కడ పిల్ల చక్కనిదైనా కాకున్నా అదే వంద ఆవులు, అదే రథం. బేరం లేనిచోట అమ్మకం లేదు. కనుక స్త్రీ సొత్తు కాదు, ఆమెకు సొత్తు ఉంటుంది, యాగంలో ఆమెకు అధికారమూ ఉంటుంది.

ఈ గీటురాయిని మన కాలానికి తెచ్చి గీసి చూసినప్పుడల్లా నాకు నవ్వు, బాధ రెండూ కలుగుతాయి. సర్కారు కొలువు ఉన్న పిలగానికి ఒక లెక్క, అమెరికాలో ఉన్నవానికి ఒక లెక్క, హైదరాబాదులో ఫ్లాటు ఉంటే ఇంకొక లెక్క. శబరస్వామి వచ్చి మన మాటముచ్చట్లలో కూర్చుంటే, ఇది అమ్మకమేనని, సరుకు మాత్రం మారిందని తేల్చి లేచిపోతాడు.

తేదీ విషయానికి వస్తే, పంచాంగంలో రోజు అంటే సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా. అర్ధరాత్రి దాటినా మీ అమ్మాయి పెండ్లి పంచాంగం ప్రకారం ఒకే రోజున జరిగింది. రెండు తేదీల చిక్కు గడియారానిదే.


చరిత్ర విద్యార్థి

వృత్తిరీత్యా చాలా ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పినా ఇప్పటికీ విద్యార్థినే కనుక ఆ పేరు పెట్టుకున్నాను. ఎప్పుడు అయినట్లు అన్న ప్రశ్న మీద యూరప్ కొన్ని వందల ఏళ్లు తల బద్దలు కొట్టుకున్నది. రోమన్ న్యాయవేత్తలు పెండ్లిని చేసేది పడక కాదు, ఒప్పుకోలు అని సూత్రీకరించారు. 12వ శతాబ్దంలో బొలోన్యాకు చెందిన గ్రేషియన్, ఒప్పుకోలుతో పెండ్లి మొదలవుతుంది, కాపురంతో పూర్తవుతుంది అన్నాడు. పారిస్‌లో పీటర్ లొంబార్డ్ కాదన్నాడు. నిన్ను చేసుకుంటున్నాను అని వర్తమానంలో చెబితే ఆ క్షణమే పెండ్లి, చేసుకుంటాను అని భవిష్యత్తులో చెబితే అది నిశ్చితార్థమే అన్నాడు. పోప్ మూడో అలెగ్జాండర్ తీర్పులు చాలావరకు ఈ రెండో దారినే పట్టాయి. భవిష్యత్తులో చెప్పిన మాట తరువాత కలిసి ఉన్నా పెండ్లి కిందే లెక్కించారు. ఒక క్రియాపదం కాలాన్ని బట్టి ఇద్దరు మనుషులు దంపతులు కావడమో కాకపోవడమో తేలేది!

దీనివల్ల మంచీ జరిగింది, చెడూ జరిగింది. తల్లిదండ్రులు, దొరలు ఒప్పుకోకపోయినా ఇద్దరి మాటే చాలు కనుక బలవంతపు పెండ్లికి ఒక అడ్డు ఏర్పడింది. అదే సమయంలో చెట్టు కింద సాక్షులు లేకుండా మాట ఇచ్చి, తరువాత ఇవ్వలేదని బుకాయించే మగవాళ్ల మీద ఆడవాళ్లు వేసిన దావాలతో చర్చి కోర్టులు నిండిపోయాయి. ఈ గందరగోళాన్ని ఆపడానికే 1563లో ట్రెంట్ మహాసభ, మతగురువు ఎదుట, కనీసం ఇద్దరు సాక్షుల ముందు జరగని పెండ్లి చెల్లదని తేల్చింది. ఇంగ్లండు ఆ దారిలో లేదు కనుక అక్కడ 1753 చట్టం వచ్చేదాకా రహస్య పెండ్లిండ్లు నడిచాయి. చట్టం స్కాట్లండుకు వర్తించకపోవడంతో పారిపోయిన జంటలు సరిహద్దు దాటి గ్రెట్నా గ్రీన్ అనే ఊరికి పరుగులు తీశాయి. ఫ్రాన్సులో విప్లవ ప్రభుత్వం 1792లో పెండ్లి నమోదును చర్చి చేతుల్లో నుంచి తీసి పురపాలక అధికారికి ఇచ్చింది, అదే రోజున విడాకులనూ అనుమతించింది.

వకీలుగారు చివర వేసిన ప్రశ్నకు నా దృష్టిలో జవాబు ఇది: పెండ్లి క్షణాన్ని గడియారంలో పట్టుకోవాలన్న తాపత్రయం దంపతులకు ఉండదు. ఆస్తి పంచేవారికి, పిల్లల వారసత్వం తేల్చేవారికి, పన్నులు, రికార్డులు చూసేవారికి, మోసపోయిన వ్యక్తికి ఉంటుంది. మన ఓరుగల్లునే తీసుకోండి. గణపతిదేవుడు దివిసీమను గెలిచిన తరువాత అక్కడి అయ్య వంశానికి చెందిన జాయప చెల్లెళ్లు నారమ, పేరమలను పెండ్లాడాడు, జాయపను తన సైన్యంలో గజసాహిణిగా, అంటే ఏనుగుల దళానికి అధిపతిగా, తీసుకున్నాడు. తన కూతుళ్లలో గణపాంబను కోట బేతరాజుకు, రుద్రమను నిడదవోలు చాళుక్య వీరభద్రునికి ఇచ్చాడు. పటం ముందు పెట్టుకొని చూస్తే ఒక్కొక్క పెండ్లి కృష్ణా గోదావరి తీరాల వైపు వేసిన ఒక్కొక్క మెట్టు. ఆ సంబంధాలు కుదిరిననాడే అయినట్లు, ఏ ఘడియలో ఏ తంతు జరిగిందో ఎవరికీ పట్టదు. అయితే రుద్రమ తరువాత రాజ్యం ఎవరికి అన్నప్పుడు మాత్రం లెక్కలు మళ్లీ ముందుకు వచ్చాయి, కూతురి కొడుకైన ప్రతాపరుద్రుణ్ణి ఆమె దత్తత తీసుకోవలసి వచ్చింది.


ఉట్నూరు టీచర్

చరిత్ర సారు రాసిన దానికి మా వైపు నుంచి ఒక చేర్పు. వకీలుగారు చెప్పిన 1955 చట్టం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, షెడ్యూల్డు తెగలకు వర్తించదని రెండో సెక్షన్‌లోనే ఉన్నది. కనుక గోండు, కోయ కుటుంబాలలో పెండ్లి అయిందా లేదా అన్నది పూర్తిగా వారి ఆచారమే తేలుస్తుంది. గోండులలో నాలుగు దేవతలవారు, ఐదు దేవతలవారు, ఆరు, ఏడు దేవతలవారు అని సగలు ఉంటాయి. ఒకే సగలోని పిల్లా పిలగాడు అన్నాచెల్లెళ్ల లెక్క. తంతు ఎంత ఘనంగా జరిపినా ఆ పెండ్లి పెండ్లి కాదు. మొదటి ప్రశ్న ఎప్పుడు అన్నది కాదు, ఎవరితో అన్నది. 1940లలో మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని రాసిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ పుస్తకాలలోనూ దీనికి చాలా చోటు ఉంటుంది.

ఓలి, అంటే పిల్లవారికి ఇచ్చే సొమ్ము, ఇచ్చుకోలేని పిలగాడు పిల్ల ఇంట్లో కొన్నేళ్లు పనిచేసి ఆ రుణం తీర్చుకునే పద్ధతి కూడా ఉండేది. లేచిపోయిన జంటను కులపెద్దల పంచాయతీలో కూర్చోబెట్టి, తప్పు కట్టించి, పెద్దలకు విందు పెట్టించి కలుపుకుంటారు. నేను పనిచేసిన ఒక గూడెంలో మా బడి పిల్లవాడొకడు తన అమ్మానాన్నల పెండ్లికి పోవాలని రెండు రోజుల సెలవు చీటీ తెచ్చాడు. నేను మొదట కోప్పడ్డాను. తరువాత తెలిసింది, కలిసి కాపురం చేస్తూ ముగ్గురు పిల్లలను కన్న తరువాత చేతిలో నాలుగు పైసలు ఆడి, ఆ ఏడు బంధువులకు పెండ్లి విందు పెడుతున్నారని. అన్ని రోజులూ వాళ్లు దంపతులు కారని ఆ గూడెంలో ఎవరూ అనుకోలేదు, విందు బాకీ ఉందని మాత్రం అందరికీ జ్ఞాపకం ఉన్నది. మీరు ముప్పైతొమ్మిది నిమిషాలకు బెంగపడుతున్నారు, ఆ ఇంట్లో అది పన్నెండేళ్లు.


జమ్మికుంట చదువరి

అందరూ ఎప్పుడు, ఎవరితో అని రాశారు. ఎవరిని అడిగారు అన్న ప్రశ్నను మండీబజార్ అన్నగారు ఒక్కరే తాకారు. ఆ ముప్పైతొమ్మిది నిమిషాలలో హాలులో ఇన్ని నోళ్లు లేచాయి కదా, మీ మేనకోడలిని, నీకు పెండ్లయినట్లు ఉన్నదా, కానట్లు ఉన్నదా అని ఒక్కరైనా అడిగారా, మేనమామగారూ?

తత్వవేత్తలు కూడా ఈ ప్రశ్న చుట్టూ తిరిగినవారే. కాంట్ దృష్టిలో పెండ్లి ఇద్దరు సమానుల ఒప్పందం, ఒకరి దేహం మీద ఒకరికి హక్కు ఇచ్చేది. ఇంత ముఖ్యమైన బంధాన్ని అద్దె ఒప్పందంలా చూడడమేమిటని హెగెల్‌కు కోపం వచ్చింది. పెండ్లి ఒప్పందంగా మొదలైనా ఒప్పందాన్ని దాటిపోవడానికే ఉన్నదని, కుటుంబం, సమాజం ఎదుట ప్రకటించి వారి గుర్తింపు పొందడమే దాన్ని పూర్తి చేస్తుందని ఆయన వాదం. ఆ లెక్కన పెండ్లికొడుకు చిన్నాయనగారు, మీవాళ్లు అందరూ ఓడినట్లే, ఎందుకంటే నలుగురూ అయిందని ఒప్పుకోలేదు కాబట్టి ఇంకా కానట్లు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఒప్పందాన్ని దాటిన ఆ ఐక్యతలో నోరు మూసుకోవలసింది ఎప్పుడూ ఒకరే కావడం హెగెల్‌కు తప్పుగా తోచలేదు. జాన్ స్టూవర్ట్ మిల్‌కు తోచింది. 1851లో హారియట్ టేలర్‌ను పెండ్లాడే ముందు, ఈ పెండ్లి వల్ల భార్య దేహం మీద, ఆస్తి మీద చట్టం నాకు ఇచ్చే అధికారాలను నేను ఒప్పుకోవడం లేదు, వాటిని ఎన్నడూ వాడను అని కాగితం మీద రాసిపెట్టాడు. ఆ హక్కులను వదులుకోవడానికి చట్టంలో దారి లేదు కనుక ఆ కాగితానికి కోర్టులో విలువ లేదు, అయినా రాశాడు.

మన దగ్గర కూడా 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి, కాపురానికి రమ్మని భార్యనైనా భర్తనైనా కోర్టు ద్వారా ఆజ్ఞాపించే హిందూ వివాహ చట్టం తొమ్మిదో సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని సరీత కేసులో తీర్పు చెప్పారు. మరుసటి ఏడే సుప్రీంకోర్టు వేరొక కేసులో ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. ఆ సెక్షన్ ఇప్పటికీ ఉన్నది.

మా నాయనమ్మ సంగతి చెప్పి ఆపుతాను. మొదటి మగడు పోయిన రెండేళ్లకు ఆమెకు మారుమనువు అయింది. అయ్యగారు రాలేదు, ముహూర్తం లేదు, జీలకర్ర బెల్లం లేదు. రాత్రి పూట కులపెద్దలు కూర్చుంటే మా తాత కొత్త చీర పెట్టి, మెడలో పూసలదారం కట్టాడట, అంతే. బ్రిటిష్ ఇండియాలో 1856లో వితంతు వివాహ చట్టం వచ్చిందని బడిలో చదివి నేను ఆమెకు చెబితే, చట్టం రాకముందు మనుషులకు బుద్ధి లేకుండెనా అని అడిగింది. ఆమె ఉన్నది నైజాం రాజ్యంలో, ఆ చట్టం వర్తించని చోట, చట్టం అక్కర లేని కులంలో. అయితే ఒక్క మాట మాత్రం మళ్లీ మళ్లీ చెప్పేది. మొదటి లగ్గంలో ఐదు రోజుల పందిరి కింద ఎవరూ ఆమెను అడగలేదట. మారుమనువు రాత్రి మాత్రం కులపెద్ద, "అవ్వా, నీకు ఇష్టమేనా, నోరు తెరిచి చెప్పు" అన్నాడట.


కాజీపేట మేనమామ

అందరికీ కృతజ్ఞతలు. చదువరిగారి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. అప్పుడు అడగలేదు. ఈ జవాబులు చదివిన తరువాత నిన్న ఫోనులో అడిగాను. "మామయ్యా, ఆ అరగంటా నెత్తి మీది నుంచి బెల్లం పాకం చెవిలోకి కారుతున్నది, ఇంకేమీ గుర్తు లేదు" అన్నది. కొంచెం ఆగి, అతను మాత్రం తన ఉత్తరీయంతో ఒకసారి తుడిచాడని చెప్పింది.

వకీలుగారు అడిగిన సప్తపది సంగతి మాకు ఎవరికీ జ్ఞాపకం లేదు, అందరం భోజనాల దగ్గర ఉన్నాం. వీడియో తెప్పించి చూశాను. సమయం 1 గంట 10 నిమిషాలు. ఖాళీ కుర్చీల ముందు అయ్యగారు, మా అక్కాబావలు, నిద్రపోతున్న ఒక పిల్లవాడు, వాళ్లిద్దరూ. ఏడో అడుగు దగ్గర పిల్ల ఆవులించింది.

దరఖాస్తులో 22వ తేదీ రాశాం. పెండ్లికొడుకు చిన్నాయనకు ఆ సంగతి తెలిసింది. పుస్తె లెక్కనే ఖాయం చేశారని ఆయన చాలా సంతోషంగా ఉన్నారు. ఏడు అడుగుల సంగతి నేను ఇంకా ఆయనకు చెప్పలేదు.